చిల్లర తప్పు తేని పిల్లాడికి తీసివేతలు ఎందుకు తప్పుతున్నాయి?

ఉత్తరం:

టీచరక్కకు నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డునున్న ఊరు. నా పుట్టిల్లు నది అవతల, చెన్నూరు వైపు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. నా కొడుకు ఇక్కడ మరాఠీ బడిలో మూడో తరగతి. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. వాణ్ని కిరాణా దుకాణానికి పంపితే రూపాయి తేడా లేకుండా చిల్లర తెస్తాడు. నోట్‌బుక్‌లో మాత్రం తీసివేతలన్నీ తప్పే. నేను చెప్పబోతే "నీకు రాదు, మా మేడం అట్ల చెప్పలే" అని పుస్తకం గుంజుకుంటాడు. రాత్రి లెక్కలకు కూర్చుంటే ఏడుపుతోనే లేస్తాం, ఒక్కోసారి ఇద్దరం. మా ఆయనకు కోపం ఆగదు, చెయ్యి లేస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్లే వాడు వెనకబడుతున్నాడని మా మరిది అంటాడు. మామయ్యేమో ఇరవై ఎక్కాలు బట్టీ పట్టించమంటాడు. ట్యూషన్ పెట్టాలా? ఇంగ్లీషు మీడియానికి మార్చాలా? లెక్కలంటే నాకూ చిన్నప్పటి నుంచి టెన్షనే, వాడికి నా పోలికే వచ్చిందేమో. నోట్‌బుక్ పేజీ ఫొటో పంపుతున్నాను.

సమాధానం:

చెల్లీ,

ఉత్తరం చదవకముందే ఫొటో చూశాను. ముప్పై ఏళ్లు ఎర్ర పెన్ను పట్టిన దాన్ని కదా, కళ్లు ముందు లెక్కల మీదికే పోతాయి. పన్నెండు తీసివేతల్లో మూడు సరి, తొమ్మిది తప్పు. సరైన మూడూ ఇవి: 48లోంచి 25, 76లోంచి 34, 59లోంచి 17. తప్పుల్లో కొన్ని చూడు. 52లోంచి 27 పోతే 35 అని వేశాడు. 63లోంచి 28 పోతే 45. 81లోంచి 46 పోతే మళ్లీ 45. 40లోంచి 13 పోతే 33.

నువ్వూ ఒకసారి పెన్సిల్ పట్టుకో. 52, 27 లెక్కలో ఒకట్ల దగ్గర పైన 2 ఉంది, కింద 7 ఉంది. రెండులోంచి ఏడు పోదు. అందుకని వాడు ఏడులోంచి రెండు తీసి 5 వేశాడు. పదుల దగ్గర ఐదులోంచి రెండు తీసి 3 వేశాడు. మిగతా తప్పులన్నిట్లోనూ ఇదే పని. ఏ అంకె పైన ఉంది, ఏది కింద ఉంది అని చూడడు. రెండిట్లో పెద్దది ఏదైతే దాంట్లోంచి చిన్నది తీసేస్తాడు. తొమ్మిదిసార్లూ ఒక్కసారి కూడా మాట తప్పలేదు!

ఈ నియమం వాడికెక్కడిదంటావా? మా దగ్గరిదే. ఒకటో తరగతిలో "ఎప్పుడైనా పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలి" అని చెప్పేది మేమే. నేనెన్ని వందలసార్లు చెప్పి ఉంటానో. తొమ్మిదిలోంచి నాలుగు తీసే పిల్లాడికి ఆ మాట సరిపోతుంది. మూడో తరగతికొచ్చాక వాడు అదే మాటను నిలువు వరుసలో ఒక్కో అంకెకూ అంటగట్టాడు. గట్టిగా విన్న పిల్లాడే ఇలాంటి తప్పు చేస్తాడు.

కాబట్టి వాడికి లెక్కలు రావు అనే మాట ఇంట్లో ఇవాళ్టితో ఆపండి. వాడికి రానిది ఒక్కటే: పైన అంకె చాలకపోతే ఏం చేయాలి అన్నది. మరాఠీలో దాన్ని హాతచా అంటారు. తెలుగు బడిలో నీకు "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని చెప్పి ఉంటారు. ఆ అప్పు మాట నాకెప్పుడూ నచ్చలేదు. ఒకసారి నా క్లాసులో ఒక పిల్ల లేచి అడిగింది: "మేడం, అప్పు తెచ్చుకున్నం, మరి ఎప్పుడు కడతం?" నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి నేను దాన్ని చిల్లర మార్చడం అంటున్నాను. ఎందుకో కిందికి పోయాక నీకే తెలుస్తుంది.

దానికంటే ముందు మీ మరిది మాట తేల్చాలి.

52ని మీ వాడు బడిలో బావన్న్ అంటాడు. 27ని సత్తావీస్ అంటాడు. సత్తావీస్‌ను ఒకసారి చెవితో విను. ముందు ఏడు వినబడుతుంది, ఆ తర్వాత ఇరవై. రాసేటప్పుడు ముందు 2 రాయాలి, తర్వాత 7. నేను రెండో తరగతిలో ఉండగా గురూజీ "సత్తేచాళీస్" అన్నారు, నేను 74 అని రాశాను. స్కేలు దెబ్బ వేళ్ల గణుపుల మీద పడింది. ఎందుకు పడిందో మాత్రం టీచరయ్యాక గాని తెలియలేదు. చెవికి ఏడు ముందొచ్చింది, చెయ్యి ఏడే ముందు రాసింది. ఇంకా 29 చూడు, ఏకోణతీస్. అంటే ముప్పైకి ఒకటి తక్కువ. 39 ఏకోణచాళీస్, నలభైకి ఒకటి తక్కువ. సరే, పద్ధతి దొరికింది కదా అనుకునేలోపు 99 దగ్గర ఆ పద్ధతి వదిలేసి నవ్వ్యాణ్ణవ్ అంటారు. బావన్న్ అంటే అందులో ఐదు పదులు, రెండు ఒకట్లు ఉన్నాయని ఎనిమిదేళ్ల పిల్లాడి చెవికి ఎట్లా వినబడుతుంది?

అదే తెలుగులో చూడు. యాభై రెండు. ఇరవై ఏడు. పదులు ముందు, ఒకట్లు వెనక. రాసే వరుసా అదే. నలభైలో నాలుగు, అరవైలో ఆరు, ఎనభైలో ఎనిమిది వినబడుతూనే ఉంటాయి. పన్నెండు, పంతొమ్మిది లాంటివి కాస్త నలిగిపోయాయి గాని, ఇరవై దాటాక దారి సాఫు.

ఇది నా ఒక్కదాని గోల అనుకోకు. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి వేసిన రెండో తరగతి గణితం పుస్తకంలో, ఏకవీస్, బావీస్ అని చదివే పాత పద్ధతితో పాటు "వీస్ ఏక్, వీస్ దోన్" అని చదివే పద్ధతి కూడా పెట్టారు. రాష్ట్రమంతా రచ్చ అయింది, అసెంబ్లీలో జోకులు పడ్డాయి. అప్పుడు ఆ సంస్థ గణిత సమితికి అధ్యక్షురాలైన మంగళా నార్లీకర్, పాత పద్ధతిలో సంఖ్యల పేర్లు చిన్నపిల్లలకు కష్టమవుతున్నాయని, దక్షిణాది భాషల్లో పదులు ముందే చెబుతారని వివరించారు. నేను మరాఠీని తక్కువ చేయడం లేదమ్మా, అది నాకు అన్నం పెట్టిన భాష. కానీ మహారాష్ట్ర మొత్తం తలపట్టుకొని వెతికిన వస్తువు మీ ఇంట్లో ఊరికే పడి ఉంది. దాన్ని వాడొద్దని మీ మరిది అంటే ఎట్లా? ఐదో తరగతి దాకా వీలైన చోటల్లా ఇంటి భాషలోనే చదువు సాగాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా అంటోంది. మన బడుల్లో ఆ వీలు ఎప్పుడొస్తుందో గాని, మీ వంటింట్లో ఇవాళే ఉంది.

చేయాల్సింది చిన్నదే. రోజూ ఏవైనా ఐదు సంఖ్యలు. వాడు మరాఠీలో చెప్పాలి, నువ్వు తెలుగులో అనాలి, వాడు రాయాలి. "త్రేసష్ట్." "అరవై మూడు." 63. మర్నాడు తిప్పేయండి: నువ్వు తెలుగులో చెప్పు, వాడు మరాఠీలోకి మార్చి రాస్తాడు. మూడు నిమిషాల పని. మరాఠీ అంకెలు నీకు రాకపోతే వాడి దగ్గరే నేర్చుకో. అందులో ఒకటి మన తొమ్మిదిలా కనబడుతుంది, నాలుగు తల తెరిచిన ఎనిమిదిలా ఉంటుంది. నువ్వు తడబడితే వాడు నవ్వుతాడు. నవ్వనీ. "నీకు రాదు" అన్న పిల్లాడు నీకు టీచరైతే ఆ మాటలో ముల్లు పోతుంది.

ఇప్పుడు చిల్లర సంగతి. ఈ ఒక్కటి నువ్వు సరిగ్గా చేస్తే సగం పని అయిపోయినట్టే, అందుకే వివరంగా చెబుతాను.

పది రూపాయల నోట్లు ఏడెనిమిది, రూపాయి బిళ్లలు ఇరవై దాకా ఒక డబ్బాలో వేసుకో. బిళ్లలు దొరక్కపోతే చింతగింజలు చాలు, నోట్లకు బదులు అట్టముక్కలు కోసి 10 అని రాయి. చాప మీద కూర్చోండి. నోట్‌బుక్ మూసి పక్కన పెట్టు, అది కనబడితే వాడి మొహం మారుతుంది. వాడికి ఐదు నోట్లు, రెండు బిళ్లలు ఇవ్వు. ఎంతుందో వాణ్నే చెప్పమను. యాభై రెండు అంటాడు. "నేను దుకాణపామెను. నాకు ఇరవై ఏడు రూపాయలివ్వు" అను. ఇక నోరు మూసుకో. ఇదే కష్టమైన పని, నాకు పదేళ్లు పట్టింది నేర్చుకోవడానికి.

వాడు రెండు నోట్లు తీస్తాడు. తర్వాత బిళ్లల వైపు చూస్తాడు. రెండే ఉన్నాయి, ఏడు కావాలి. ఇక్కడ ఆగిపోతాడు. మీ వాడు దుకాణానికి పోయే పిల్లాడు కాబట్టి, నాకు తెలిసి ఏం చేస్తాడంటే, మూడో నోటు కూడా నీ చేతిలో పెట్టి "మూడు రూపాయలు వాపస్ ఇయ్యి" అంటాడు. ఇవ్వు. వాడి దగ్గర రెండు నోట్లు, ముందున్న రెండు బిళ్లలు, నువ్విచ్చిన మూడు. ఇరవై ఐదు. లెక్క సరి. "పుస్తకంలో అట్ల చేయరు" అని మాత్రం అనకు. వాడు చేసింది అచ్చమైన తీసివేత.

మళ్లీ మొదటి నుంచి. ఐదు నోట్లు, రెండు బిళ్లలు. ఈసారి కొత్త షరతు: "నా దగ్గర చిల్లర లేదు, సరిగ్గా ఇరవై ఏడే ఇవ్వాలి." ఇప్పుడు వాడు ఏం చేయాలి? ఒక నోటు పట్టుకొని డబ్బా దగ్గరికి పోయి పది బిళ్లలు తెచ్చుకోవాలి. వాడికి తోచకపోతే "పక్క దుకాణంలో చిల్లర దొరుకుద్దేమో" అను, చాలు. ఇప్పుడు వాడి ముందు నాలుగు నోట్లు, పన్నెండు బిళ్లలు ఉన్నాయి. ఇక్కడ తప్పకుండా ఒక ప్రశ్న అడుగు: "ఇప్పుడు నీ దగ్గర డబ్బు పెరిగిందా, తగ్గిందా?" చాలామంది పిల్లలు బిళ్లల కుప్ప చూసి పెరిగింది అంటారు. లెక్కపెట్టమను. అదే యాభై రెండు. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టిన పిల్లాడు హాతచాకు జన్మలో భయపడడు. తర్వాత రెండు నోట్లు, ఏడు బిళ్లలు నీకిస్తాడు. వాడి దగ్గర మిగిలేది రెండు నోట్లు, ఐదు బిళ్లలు.

నోట్‌బుక్ తెరవాల్సింది ఇప్పుడు. బిళ్లలు ఇంకా చాప మీద ఉండగానే అదే లెక్కను నిలువుగా వేయించు. ఐదు కొట్టేసి పైన నాలుగు రాసేటప్పుడు "ఈ కొట్టేసిన నోటు ఎక్కడికి పోయింది?" అని అడుగు. వాడు బిళ్లల వైపు చెయ్యి చూపిస్తే, ఆ రోజుకు పుస్తకం మూసెయ్యి. ఇంకో పది లెక్కలు వేయిద్దామని ఆశపడకు.

చాప మీద చేసిందే కాగితం మీద వేయాలని ఎందుకంత పట్టుబడుతున్నానో చెబుతాను. నీ కొడుకు దుకాణంలో ఒకలా, నోట్‌బుక్‌లో ఇంకోలా ఉండటం నీకు వింతగా ఉంది గాని, అది మీ ఇంట్లోనే జరిగే వింత కాదు. ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఇంకొంతమంది కలిసి కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో కూరగాయలూ అవీ అమ్మే పిల్లల్ని పరిశీలించి 2025లో నేచర్ పత్రికలో రాశారు. ఆ పిల్లలు బేరంలో పెద్ద పెద్ద లెక్కలు నోటితో చకచకా చేస్తారు. అదే లెక్క బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే చాలామందికి రాదు. మార్కెట్లో పని చేయకుండా బడికి మాత్రమే పోయే పిల్లల సంగతి తిరగబడింది: కాగితం మీద మెరుగు, బేరంలో తడబాటు. ఒకచోట వచ్చిన లెక్క తనంతట తాను రెండోచోటికి నడిచి రాదన్నమాట. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకొని దాటించాలి. మీ ఇంట్లో ఆ ఎవరో నువ్వే. దానికి నీ పదో తరగతి చదువు కూడా ఎక్కువే.

40లోంచి 13 లాంటివి వారం తర్వాత పెట్టు. నాలుగు నోట్లు, చేతిలో ఒక్క బిళ్ల లేదు. సున్నా ఉంటే పిల్లలు ఎక్కువ తికమకపడతారు. వందలు వచ్చాక 302లోంచి 147 అడుగుతారు, అప్పుడు వంద నోటును ముందు పది నోట్లుగా మార్చి, అందులో ఒక నోటును బిళ్లలుగా మార్చాలి. పద్ధతి అదే, మెట్లు రెండు.

మాటల దగ్గర ఇంకో తమాషా. కూడికను వాళ్లు బేరీజ్ అంటారు, ఒకట్లను ఏకక్, పదులను దశక్, వందలను శతక్. గుణాకార్, భాగాకార్ నీకు చెప్పక్కర్లేదు. తీసివేతను వజాబాకీ అంటారు. ఈ మాట మీ ఆయన్ను అడుగు, తెలియదనడు. అడ్వాన్సు వజా పోను బాకీ ఎంత అని ఆకు కొనే కల్లం దగ్గర మాట్లాడుకునేది ఆ వజానే, ఆ బాకీనే. పిల్లాడికి పుస్తకంలో పరాయిగా కనబడే మాట వాళ్ల నాన్న నోట్లో ఎప్పటి నుంచో ఉంది. ఈ సంగతి ఆయన చేతే చెప్పించు, కొట్టే చేతికి వేరే పని దొరుకుతుంది.

కల్లం అన్నాను కాబట్టి బీడీలు చుట్టే తునికాకు గురించి రెండు మాటలు. మా అవ్వకు చదువు లేదు. ఎండాకాలం వస్తే తెల్లారకముందే అడవికి పోయి, మధ్యాహ్నం గుడిసె నీడలో కట్టలు కట్టేది. మన మహారాష్ట్ర వైపు కట్టకు 70 ఆకులు. అవ్వ ఐదేసి ఆకులు తీసి ఒత్తి పెట్టేది, ప్రతి ఐదింటికీ ఒక గింజ పక్కన వేసేది. పద్నాలుగు గింజలైతే కట్ట. నేను పక్కన కూర్చొని గింజలు తప్పించి ఏడిపించేదాన్ని, ఆమె ఆకుల మందం చేత్తో చూసి "రెండు ఐదులు తక్కువున్నయ్" అనేది. సరిగ్గా పదే తక్కువుండేవి. బడిలో ఐదో ఎక్కం పాడటం చాలా ఏళ్ల ముందే మొదలుపెట్టాను గాని, ఐదు పద్నాలుగుల డెబ్బై అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ నీడలోనే.

మీరు కూడా ఆకు సేకరణకు పోయేవాళ్లైతే, సీజన్‌లో వాడికి వేరే లెక్కల పుస్తకం అక్కర్లేదు. "46 పెట్టిన, కట్టకు ఇంకెన్ని కావాలె?" ఇది డెబ్బైలోంచి నలభై ఆరు, నోట్‌బుక్‌లో వాడు తప్పే రకం లెక్కే. నది అవతల తెలంగాణలో కట్టకు 50 ఆకులు. "అక్కడికన్నా మన కట్టలో ఎన్ని ఎక్కువ? పది కట్టలకు ఎన్ని ఎక్కువ?" ఈ ప్రశ్న వేస్తే నాకు తెలిసిన ఏ పిల్లాడూ లెక్కతో ఆగలేదు, మరి మనకు పైసలు ఎక్కువిస్తారా అని అడుగుతాడు. దానికి జవాబు మీ ఆయన చెప్పాలి!

మామయ్యగారి ఇరవై ఎక్కాల మాటకు వస్తాను. పెద్దాయన్ను నొప్పించకు. వాళ్ల కాలంలో ఇరవై ఏమిటి, పావు ఎక్కం పావకీ, ఒకటిన్నర ఎక్కం దీడకీ కూడా నోటికి పాడించేవాళ్లు. వినడానికి నాకూ బాగుంటుంది. కానీ ఎనిమిదేళ్ల పిల్లాడికి పది దాకా చాలు, అది కూడా అర్థమై రావాలి. ఎక్కం బడిలో "బే ఏకే బే, బే దుణే చార్" అని పాటగా నేర్పుతున్నారు, దాన్ని అట్లాగే మరాఠీలోనే ఉండనివ్వు. మళ్లీ తెలుగులో "రెండొకట్ల రెండు" అని ఇంకో పాట ఎక్కించబోతే రెండూ కలిసిపోయి నోరు తిరగదు. సంఖ్యల పేర్లకు తెలుగు సాయం అన్నాను, ఎక్కాల పాటకు కాదు. మామయ్యతో సాయంత్రం అష్టాచెమ్మా ఆడించు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, అన్నీ బోర్లా పడితే ఎనిమిది, కాయ ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకొని నడపాలి. ఓనగుంటలు వస్తే ఇంకా మంచిది: పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదు గింజల చొప్పున పెడితే మొత్తం 70, మన ఆకు కట్టే. గోదావరి పుష్కరాలు 2015లో వచ్చాయి, పన్నెండేళ్లకోసారి వస్తాయి, మళ్లీ ఎప్పుడు, అప్పటికి నీకెన్నేళ్లు అని తాత అడిగితే వాడు వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటాడు. వేళ్లు మడిస్తే అడ్డుచెప్పొద్దని తాతకు ముందే చెప్పు.

ఇక రాత్రిపూట ఏడుపులు. ఈ విషయంలో కొంచెం గట్టిగానే అంటాను, ఏమనుకోకు. లెక్క దగ్గర చెయ్యి లేవకూడదు. భయపడ్డ పిల్లాడి బుర్ర లెక్క మీద ఉండదు, నాన్న చెయ్యి మీద ఉంటుంది. మీ ఆయన ఓపిక పట్టలేకపోతే ఆ పావుగంట బయటికి పోయి రమ్మను. లెక్కల పేరుతో పావుగంటకు మించి కూర్చోకు. పడుకునే ముందు అసలే వద్దు. బడి నుంచి వచ్చి, ఏదైనా తిని, కాసేపు ఆడుకున్నాక కూర్చోండి. హోంవర్క్ మిగిలిపోతే మిగిలిపోనివ్వు. "ఇంతవరకే వచ్చింది" అని పేజీ కింద రాసి సంతకం పెట్టు, మేడంకు అసలు పరిస్థితి తెలుస్తుంది.

"నా పోలికే వచ్చింది" అనే మాట వాడి ముందు ఎన్నిసార్లు అన్నావో గాని, ఇక అనకు. 2015లో అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద చేసిన ఒక అధ్యయనంలో తేలింది ఏమిటంటే, లెక్కలంటే టెన్షన్ పడే తల్లిదండ్రులు తరచుగా హోంవర్క్ చేయిస్తే, ఆ పిల్లలు ఆ ఏడు లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, భయం ఎక్కువ తెచ్చుకున్నారు. అదే టెన్షన్ ఉన్నా హోంవర్క్ జోలికి అంతగా పోని వాళ్ల పిల్లలకు ఆ నష్టం కనబడలేదు. అందుకే నిన్ను నోట్‌బుక్ ముందు కూర్చోబెట్టకుండా చాప మీద నోట్లు, బిళ్లలతో కూర్చోబెట్టాను. చిల్లర ఇచ్చి పుచ్చుకోవడంలో నీకు టెన్షన్ ఉండదు కదా. నెలవారీ కిరాణా, పాల లెక్క, సంఘం వాయిదా, అన్నీ తలలో పెట్టుకొని తిప్పే మనిషివి లెక్కలు రావంటే నేను నమ్మను.

ట్యూషన్ వద్దు. ఊళ్లో ట్యూషన్ అంటే మళ్లీ అవే పన్నెండు లెక్కలు, అదే నిలువు వరుస, ఇంకో మనిషి దగ్గర. మీడియం మార్చే ఆలోచన ఈ కారణంతో అయితే అస్సలు వద్దు. సత్తావీస్ పోయి ట్వంటీసెవన్ వస్తుంది, అందులో వరుస తెలుగులాగే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ప్రశ్నే అర్థం కాకపోతే వరుస ఏం చేసుకుంటాడు? వేరే కారణాలుంటే అది వేరే ఉత్తరం.

మరీ వెనకబడ్డాడేమోనని బెంగ కూడా వద్దు. 2021లో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర పథకంలో మూడో తరగతి చివరికి పిల్లలు 9999 దాకా సంఖ్యలు చదివి రాయాలని, చిన్న చిన్న గుణకారాలు చేయాలని లక్ష్యం పెట్టారు. మీ వాడికి తీసివేతలో ఒక మెట్టు ఎక్కడం మిగిలింది, ఎక్కడానికి టైముంది. రెండు మూడు నెలలు బిళ్లలతో చేశాక కూడా ఇరవై గింజలు వరుసగా లెక్కపెట్టలేకపోతే, లేదా బోర్డు చూడటానికి కళ్లు చికిలించుకుంటుంటే, అప్పుడు మాత్రం ఆలస్యం చేయకు. బడికి వచ్చే ఆరోగ్య బృందానికి చూపించు, కళ్లు, చెవులు ముందు. నా సర్వీసులో లెక్కల్లో మొద్దు అని పేరుపడ్డ ఒక పిల్లకు కావాల్సింది కళ్లద్దాలని ఐదో తరగతిలో గాని తెలియలేదు.

చివరగా ఒక పని. ఈ వారంలోనే బడికి పోయి మేడంను కలువు. ఫిర్యాదుకు కాదు, ఆమె హాతచా ఏ మాటలతో చెబుతుందో, ఎట్లా రాయిస్తుందో చూసి రావాలి. కొట్టేసి పైన రాయిస్తుందా, పక్కన చుక్క పెట్టిస్తుందా తెలిస్తే, చాప మీది చిల్లరను ఆ రాతకే కలుపుతావు. అప్పుడు "మా మేడం అట్ల చెప్పలే" అనడానికి వాడికి వీలుండదు. మరాఠీ రాదని వెనకాడకు, ఈ వాక్యం కాగితం మీద రాసుకొని పో: "మేడం, తుమ్హీ హాతచా కసా శికవతా, మలా దాఖవా." మీరు హాతచా ఎట్లా నేర్పుతారో నాకు చూపించండి అని. పోయేముందు రెండుసార్లు వాడి ముందే చదువు. తప్పు పలుకుతావు, వాడు ఊరుకోడు, దిద్దుతాడు.